బియ్యం ఏరుతున్న మనిషి

ఢిల్లీలో తెలుగు నాటకం వేయడమంటే ముందు హాలు, తరవాత భోజనాలు, ఆ తరవాత ముఖ్య అతిథి, ఇంకా చోటు మిగిలితే నాటకం. ఇన్నేళ్లుగా దర్శకత్వం చేస్తున్నదాన్ని, ఈ వరస నాకు కొత్త కాదు. అందుకే కిందటేడు సంఘం వార్షికోత్సవానికి నాటిక ఒప్పుకున్నప్పుడు కార్యదర్శికి ఒకే ఒక షరతు పెట్టాను. నాటిక మొదలయ్యాక, పూర్తయ్యేదాకా ఎవరూ వేదిక ఎక్కకూడదు.

"మీరెట్లంటే అట్లనే మేడమ్. నలభై ఎనిమిది నిమిషాలే కదా, టెన్షనే లేదు," అన్నాడతను. గుర్గావ్‌లో పెద్ద ఉద్యోగం చేసే హైదరాబాదు మనిషి. మాట ఇచ్చేటప్పుడు కూడా ఫోను చూస్తూనే ఇచ్చాడు.

నాటిక నేనే రాశాను. రిటైరవబోతున్న ఒక ఉద్యోగి, అతని తల్లి, ఇక మీదట ఎక్కడ ఉండాలో మాట్లాడుకుంటూ ఉంటారు. భార్య మూల కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ ఉంటుంది. రెండు రంగాలు గడిచినా ఆమెను ఎవరూ అడగరు, ఆమె నోరు విప్పదు. మూడో రంగంలో చేట దించి, లేచి, ముందుకొచ్చి పన్నెండు నిమిషాలు మాట్లాడుతుంది. ఆ పన్నెండు నిమిషాల కోసమే మిగతాదంతా రాశాను.

ఆ వేషం సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండే ఒకావిడకు ఇచ్చాను. కాకినాడ వైపు మనిషి. అంతకుముందు నా నాటకాల్లో కాఫీ తెచ్చే వదినగా, పక్కింటావిడగా, ఒకసారి నర్సుగా వేసింది. పెద్ద వేషం ఇదే మొదటిది, ఢిల్లీలో ఇదే ఆఖరిది కూడా. భర్త జనవరిలో రిటైరవుతున్నాడు. కాకినాడలో ఫ్లాటు కొన్నారు.

"కొన్నాక చెప్పారండీ నాకు," అంది నవ్వుతూ. "టైల్స్ రంగు మాత్రం అడిగారు లెండి."

రిహార్సల్స్ వాళ్ల ముందుగదిలోనే. దివాను గోడకు జరిపి, నేల మీద సుద్దతో గుర్తులు పెట్టేదాన్ని. ఆవిడ పొయ్యి మీద కుక్కరు పెట్టి వచ్చి మొదలుపెట్టేది. "పప్పు ఉడికేసరికి నా మాటలు అయిపోవాలండీ, అదీ నా లెక్క," అనేది.

నేను రంగానికీ రంగానికీ మధ్య తెర వేయను. లైట్లు తగ్గిస్తానంతే. నేను చెప్పేదాకా ఎవరూ ఉన్నచోటునుంచి కదలకూడదు. ఒకసారి ఆవిడ చేట వదిలి ముక్కు గోక్కుంది.

"దురదండీ," అంది.

"నీకు దురద. పాత్రకు కాదు," అన్నాను. మళ్లీ ఎప్పుడూ గోక్కోలేదు.

ఆ సాయంత్రం అతిథి ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడని నలభై నిమిషాలు ఆపి, చివరికి మమ్మల్ని మొదలుపెట్టమన్నారు. రెండో రంగం అయింది. లైట్లు తగ్గాయి. అప్పుడే హాలు వెనక తలుపు తెరుచుకుంది, అతిథి వచ్చాడు. మరుక్షణం వేదిక మీద లైట్లన్నీ వెలిగాయి. కార్యదర్శి మైకు పట్టుకుని పక్కదారిలో నా దగ్గరికి పరిగెత్తాడు.

"మేడమ్, ఐదంటే ఐదు నిమిషాలు. సార్‌కి ఫ్లైటుంది. సన్మానం మీకే!"

"నాకొద్దు. చివరి రంగం ఉంది."

"అయ్యో, సర్‌ప్రైజ్ మేడమ్ ఇది! భాభీ, జర మేడమ్‌ని తీస్కరాండి."

ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని నన్ను ఎక్కించారు. నాటకంలో భర్త కూర్చునే కుర్చీ అతిథికి వేశారు. భర్త, అత్త వేషాలవాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆవిడ తప్పుకోలేదు. నేను చెప్పలేదు కదా. నన్ను ఆవిడకు వీపు పెట్టి కూర్చోబెట్టారు. వెనకనుంచి చేటలో బియ్యం కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పిల్లలకు తెలుగు నేర్పాలని అతిథి ఇంగ్లీషులో మాట్లాడాడు. మధ్యలో వెనక్కి తిరిగి ఆవిడకు ఒక నమస్కారం పెట్టాడు. ఆవిడ అలంకరణలో భాగమనుకున్నాడు కాబోలు. జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ తలెత్తలేదని తరవాత చెప్పారు. ఐదు నిమిషాలు ముప్పై ఒకటి అయ్యాయి. శాలువా, జ్ఞాపిక, ఫొటోలు. ఆ వెంటనే మైకులో, "భోజనాలు రెడీ అండీ, ప్లీజ్."

హాలు ఖాళీ అయింది. తాళాలవాడు వచ్చి నిలబడ్డాడు. "మేడమ్‌జీ, హాల్ ఖాలీ కర్నా హై."

పదిహేను నిమిషాలు అడిగాను. ఠీక్ హై అన్నాడు. వాడొక్కడే ఆ రోజు నా మాట విన్నది.

"లాస్ట్ సీన్ వీడియో తీసి గ్రూపుల పెడదాం మేడమ్," అంటూ కార్యదర్శి అతిథి వెనక వెళ్లిపోయాడు.

శాలువాతోనే ఆవిడ దగ్గరికి వెళ్లాను. తలెత్తకుండానే అడిగింది.

"లెగమంటారాండీ?"

"లే అమ్మా," అన్నాను.

చేట దించాల్సిన చోటే దించింది. నడిచి, సుద్ద గుర్తు దగ్గర నిలబడింది. ఎదురుగా ఖాళీ కుర్చీలు, మూడో వరసలో ఆవిడ భర్త, ఆయన చేతిలో ఫోను. ఊపిరి తీసుకుంది. ఆయన తలెత్తాడు.

"అయిపోయిందా? పద పద, సాంబారు చల్లారిపోద్ది."

ఆవిడ ఆయన వంక చూసింది. నా వంక చూడలేదు.

"ఆ. అయిపోయిందండీ," అని మెట్లు దిగింది.

భోజనాల వరసలో ముగ్గురు నలుగురు ఆవిడను ఆపి, "మూగ పాత్ర భలే చేశారు ఆంటీ," అన్నారు. అందరికీ థాంక్స్ చెప్పింది. జనవరిలో కాకినాడ వెళ్లిపోయారు. శాలువాను ఇస్త్రీ చేయించి కార్యదర్శికి తిరిగి పంపాను. అందిందని కూడా అతను చెప్పలేదు.

మొన్న అతనే ఫోను చేశాడు.

"మేడమ్, ఈసారి గూడ గదే నాటకం పెడదాం. ఆ మూగామె పాత్ర అందరికీ మస్తు నచ్చింది."

"ఆమె మూగది కాదు. చివరి రంగంలో పన్నెండు నిమిషాలు మాట్లాడుతుంది."

"అచ్ఛా?" అన్నాడు. "పన్నెండా మేడమ్? జర తగ్గించలేమా?"