బొంగురమ్మ పార్టీ

కాజాలక్క గొంతు గురించి ముందే చెప్పేయాలి, లేకపోతే ఈ కథ నడవదు. ఆవిడ గుసగుసలాడితే పక్కింటికి వినిపిస్తుంది. మామూలుగా మాట్లాడితే వీధి చివర చెప్పులు కుట్టే అతను తలెత్తి చూస్తాడు. కోపమొచ్చి మాట్లాడిన సందర్భాల గురించి ఆ వీధిలో ఎవరూ ప్రస్తావించరు. పోనీ, గంట కొట్టినట్టు ఖంగుమనే గొంతా అంటే అదీ కాదు. బొంగురు. గరగరలాడే నిఖార్సైన బొంగురు. "జలుబు చేసిందా అండీ?" అని కొత్తవాళ్ళు పాపం జాలిగా అడుగుతారు. "చేసిందమ్మా, పుట్టినరోజున చేసింది, ఇంకా తగ్గలేదు" అంటుంది.

బొంగురు దేవుడిచ్చిందే గానీ, ఆ జోరు మాత్రం ఉద్యోగమిచ్చింది. పెళ్ళైన కొత్తలో యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో చేరింది. చొక్కాలకు గుండీ దూరే కాజాలు కుట్టే మిషను ఆవిడది. అందుకే అందరికీ కాజాలక్క అయిపోయింది. హాలు నిండా మిషన్లు ఒక్కసారిగా మోగుతుంటే పక్కమనిషిని సూది అడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. అలా పెంచిన గొంతును ఇంటికొచ్చాక తగ్గించుకోవడం ఆవిడకు ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. గోడకు ఒక పాత స్పీకరు వేలాడుతుంటుంది. సోమవారం పొద్దున్నే చీటీలు వేసి ఒకటి తీస్తారు. ఎవరి చీటీ వస్తే ఆ వారమంతా వాళ్ళకు నచ్చిన గాయని రాజ్యం. మిగతావాళ్ళు సణుక్కోవచ్చు, వెక్కిరించవచ్చు గానీ, స్పీకరు మీద చెయ్యి వేయకూడదు. అక్కడ ఉన్నవి రెండే పార్టీలు. ఒకటి చిలకమ్మ పార్టీ. చిలకమ్మంటే సన్నగా, తీయగా, ఎంత పైకి వెళ్ళినా ఆయాసం తెలియని గాయని. ఈ పార్టీకి నాయకురాలు గుడ్డ కత్తిరించే కత్తెర వదిన. హాల్లో దాదాపు అందరూ ఆమె వెనకే. రెండోది బొంగురమ్మ పార్టీ. ఆ పేరు ఎదుటివాళ్ళు పెట్టింది. కాజాలక్క మాత్రం తన గాయనిని గౌరవంగా 'పెద్దావిడ' అంటుంది. ఈ పార్టీలో ఉన్నది ఇద్దరే. ఒకరు కాజాలక్క. ఇంకొకరు ఇస్త్రీ చేసే పిన్ని. పిన్నికి చెవుడు. ఆ మోతలో ఆమెకు వినిపించేది ఆ లావు గొంతొక్కటే కాబట్టి చేరింది.

"మీ బొంగురమ్మ పాడుతుంటే పక్క గదిలో ఎవరో బీరువా జరుపుతున్నట్టుంటుంది" అనేది కత్తెర వదిన.

"మీ చిలకమ్మ పాడుతుంటే గిన్నె మీద చెంచాతో కొడుతున్నట్టుంటుంది. బాగానే ఉంటుందిలే. ఎంతసేపు వింటాం?" అనేది కాజాలక్క.

ఇలా వాదించుకుంటూనే వాళ్ళిద్దరికీ జుట్టు నెరిసిపోయింది. ఈమధ్యే కాజాలక్కకు సూదిలోని దారం రెండుగా కనిపించడం మొదలైంది. సరిగ్గా అప్పుడే కోడలి కాన్పు సెలవు అయిపోవచ్చింది. "నేను మానేస్తాను. బుజ్జిదాన్ని నేను చూసుకుంటాను" అని ఇంట్లో ప్రకటించేసింది. ఆ ప్రకటన వెనక ఒక పాత బాధ ఉంది. తన కొడుకు పసితనమంతా కాజాల మిషను మీదే గడిచిపోయింది. వాడిని పెంచింది వాళ్ళ అమ్మమ్మ. వాడు మొదటిసారి బోర్లా పడ్డాడని కూడా ఆవిడకు సాయంత్రం ఎవరో చెబితేనే తెలిసింది. కళ్ళారా చూడాల్సినవన్నీ కబురుగా వినడం ఎంత కష్టమో ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. మనవరాలి విషయంలో అలా జరగనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

చిక్కల్లా నిద్ర దగ్గర వచ్చింది. ఇన్నాళ్ళూ బుజ్జిది పగలంతా తల్లితో కలిసి రెండు వీధుల అవతలున్న వియ్యపురాలి ఇంట్లో ఉండేది. ఆవిడ సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెబుతుంది. గొంతు తేనె, ఒప్పుకుని తీరాలి. ఆవిడ జోల ఎత్తుకుంటే పాట సగమైనా కాకుండానే పిల్ల నిద్రపోయేది. మరి కాజాలక్క దగ్గరో? మధ్యాహ్నమంతా కళ్ళు పత్తికాయల్లా విప్పుకుని చూసేది, సాయంత్రానికి ఇల్లు పీకి పందిరేసేది.

కొడుకు నాన్చి నాన్చి అసలు సంగతి చెప్పాడు. "అమ్మా, నువ్వు బాధపడకు. సోమవారం నుంచి తను ఆఫీసుకెళ్ళాలి. ఆదివారం దాకా చూద్దాం. బుజ్జిది నీ దగ్గర పడుకుంటే ఇక్కడే ఉంటుంది. లేకపోతే పగలు అత్తయ్యగారి దగ్గరే ఉంచేద్దాం. ఏమంటావు?"

"దానికేముందిరా, పిల్ల సుఖమే కదా కావాల్సింది" అంది కాజాలక్క. అని వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే కడిగిన గిన్నెలను మళ్ళీ కడిగింది.

ఆ మధ్యాహ్నమే జోలపాట మొదలుపెట్టింది. పాట తప్పు కాదు, శ్రుతి మరీ తప్పు కాదు. తప్పంతా నడకలో ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ ఏ పాట పాడుకున్నా మిషను పరుగుకు తగ్గట్టే పాడుకుంది. కాజాకు ఒక చరణం, చొక్కాకు ఒక పాట. ఇప్పుడు జోల కూడా అదే పరుగు అందుకుంది. కింద పాదం దానంతటదే నేలను తొక్కుతోంది. ఒళ్ళో బుజ్జిది అదిరిపోతూ, కాళ్ళు రెండూ ఆడిస్తూ, ఒక దాని తర్వాత ఒకటి చొక్కాలు కుడుతున్నంత హుషారుగా కేరింతలు కొట్టింది.

కోడలు కొంచెంసేపు ఓపిక పట్టింది. "అత్తయ్యా, పాట బాగుంది. కొంచెం... తొందర పడుతోందేమో."

"తొందరేముందే? రోజూ పాడేదే!" అని, కిందికి చూసుకుని, తన కాలిని తనే తిట్టుకుంది.

మర్నాడు భోజనాల వేళకు వర్క్‌షాపుకు వెళ్ళింది. మిషన్లు ఆగాయి. సంగతి విని అంతా పెద్ద సభ తీర్చారు. కత్తెర వదిన అధ్యక్షత వహించడానికి ఎవరూ పిలవకముందే ముందుకొచ్చింది.

"ఇప్పుడు తెలిసిందా? పసిపిల్లకి కూడా మా చిలకమ్మే కావాలి. గొంతు సన్నగా చెయ్యి. ఇంకా. ఇంకా సన్నగా."

"ఇంతకన్నా సన్నగా చేస్తే తెగిపోతుంది వదినా."

"నవ్వుతూ పాడక్కా. నవ్వు మొహంతో పాడితే గొంతులోకి తీపి దానంతటదే వస్తుంది" అంది కాలర్లు కుట్టే అమ్మాయి. కనుబొమ్మలు పైకెత్తితే శ్రుతి కూడా పైకెక్కుతుందని ఇంకొకరు చెప్పారు. పాడే ముందు వేడినీళ్ళు తాగాలని ఒకరు, తాగకూడదని మరొకరు పోట్లాటకు దిగారు. ఇస్త్రీ పిన్ని అంతా శ్రద్ధగా చూసి, చివరికి తన సలహా ఇచ్చింది. "ఏం పాడినా గట్టిగా పాడు. పిల్లకి వినపడొద్దూ!"

శనివారం కాజాలక్క అందరి సలహాలూ ఒకేసారి పాటించింది. వేడినీళ్ళు తాగింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. కనుబొమ్మలు నెత్తికెక్కించింది. ముక్కులోంచి చిలకమ్మ గొంతు లాగింది. బుజ్జిది ఈ కొత్త మనిషిని కాసేపు ఎగాదిగా చూసింది. కింది పెదవి మెల్లగా వంకర తిరిగింది. ఆ తర్వాత పెట్టిన ఏడుపుకు కొడుకు స్నానాల గదిలోంచి ఒంటి నిండా సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏం కాలేదు. పాడాను" అంది కాజాలక్క. అప్పుడు మాత్రం ఆవిడకు నవ్వు రాలేదు. పిల్లను కోడలికిచ్చి, బట్టలు ఆరేసే నెపంతో మేడ మీదికెళ్ళి ఏడ్చింది. ఈ గొంతుతో ఎవరినైనా అదిలించగలదు గానీ, ఒక పసిదాన్ని నిద్రపుచ్చలేకపోయిందే అని ఆవిడ దుఃఖం.

ఆదివారం మధ్యాహ్నం వియ్యపురాలు వచ్చింది. ఆవిడ పద్ధతైన మనిషి. గొంతెత్తదు, మాట తూలదు. పిల్లకు అలవాటైన చిన్న దుప్పటి ఒకటి చేతిసంచిలో తెచ్చింది. అలా తేవడంతోనే ఫలితం తేలిపోయినట్టు అనిపించింది కాజాలక్కకు.

భోజనాలయ్యాయి. బుజ్జిదానికి నిద్ర ముంచుకొస్తోంది, పడుకోనని మొండికేస్తోంది. "ఇవాళ అత్తయ్యే పడుకోబెడతారు" అంది కోడలు, తన తల్లి చెయ్యి చాపకముందే. మంచి పిల్ల. కాజాలక్క మనవరాలిని భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టింది. పాట ఎత్తుకోవడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడే ఫోను మోగింది. కత్తెర వదిన. కాజాలక్క చేతులు ఖాళీ లేవని కోడలు ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

"కాజాలక్కా, నీకో మాట చెప్పడం ధర్మం. రేపు చీటీల్లో మీ బొంగురమ్మ చీటీ వెయ్యట్లేదు. నువ్వా మానేశావు. పిన్నికి ఏది పెట్టినా ఒకటే. ఇక అన్ని వారాలూ మా చిలకమ్మే!"

కాజాలక్క పిల్ల సంగతి మరిచిపోయింది. నిద్ర సంగతి మరిచిపోయింది. ఎదురుగా వియ్యపురాలున్న సంగతి అసలే మరిచిపోయింది.

"ఎవరే వెయ్యనిది? తీపొక్కటే చాలనుకుంటే పంచదార డబ్బా ముందు పెట్టుకుని కూర్చోండి, గాయని ఎందుకు మీకు? గొంతంటే అందులో మనిషి కనపడాలి. పెద్దావిడ పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకుంటుంది చూడు, అక్కడే నాకు సగం కడుపు నిండిపోతుంది. మీ చిలకమ్మ ఆకాశంలో పాడుతుంది వదినా, మనం తలెత్తి చూడాలి. మా పెద్దావిడ వచ్చి మన పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఒళ్ళు అలిసిపోయిన రోజున ఎవరు కావాలి నీకు? చెప్పు!"

ఆ గరగర ఆగకుండా సాగుతోంది. భుజం మీద బుజ్జిది మొదట తలెత్తి చూసింది. తర్వాత చెంప తెచ్చి మెడ వంపులో ఆనించింది. చిన్న అరచేతిని బామ్మ గొంతు మీద, ఆ అదురు పుట్టేచోట, పెట్టుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి.

కొడుకు నోటి మీద వేలేసుకుని సైగ చేశాడు. కాజాలక్క కిందికి చూసి, గతుక్కుమని మాట ఆపేసింది. వెంటనే బుజ్జిది కదిలింది. మొహం చిట్లించింది.

"ఆపకండి అత్తయ్యా!" అంది కోడలు.

"ఏం మాట్లాడనే? అది ఫోను పెట్టేసింది!"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు వియ్యపురాలు కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి, గొంతు సవరించుకుని అంది. "అసలు మీ పెద్దావిడకి పైస్థాయి ఎక్కడుంది వదినగారూ? ఎక్కలేక మధ్యలోనే ఆగిపోతుంది కదా."

"ఆగిపోతుందా? ఏమిటండీ ఆగేది!" కాజాలక్క అంటుకుంది. "ఆగాలని ఆగుతుంది. అందనిదాన్ని అందలేదని ఒప్పుకుని, అక్కడే నిలబడి, ఉన్న గొంతుతోనే పాట పూర్తి చేస్తుంది. సిగ్గుపడదు. అదే కదండీ గొప్ప!"

"మరి గమకం?"

"గమకమా! వినండి చెబుతాను..."

వియ్యపురాలు ఒక్కో ప్రశ్నా వేస్తూ పోయింది. కాజాలక్క ఒక్కోదానికీ మండిపడుతూ పోయింది. కొడుకు గోడకానుకుని నవ్వు ఆపుకోలేక అవస్థ పడ్డాడు. కాసేపటికి బుజ్జిది చెయ్యి గొంతు మీంచి జారి వేలాడింది. మంచం మీద పడుకోబెడితే మెదలలేదు.

"అయితే రేపట్నుంచి ఇక్కడేనమ్మా" అన్నాడు కొడుకు.

కాజాలక్కకు వీధిలోకెళ్ళి అందరికీ చెప్పాలనిపించింది. వర్క్‌షాపు తెరిపించి మరీ చెప్పాలనిపించింది. ఆ సంబరంలో అటు తిరిగి చూస్తే, వియ్యపురాలు తాను తెచ్చిన దుప్పటి మడత పెడుతోంది. మడత పెట్టి, విప్పి, మళ్ళీ పెడుతోంది. నవ్వుతూనే ఉంది. పిల్లలు పాఠానికి వచ్చేది సాయంత్రమేగా, మరి ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఇక ఎవరుంటారు అన్న ఆలోచన కాజాలక్కకు అప్పుడొచ్చింది. వారమంతా తను భయపడిన నష్టం ఇప్పుడు ఈవిడకు వచ్చి పడింది. పైగా ఈవిడే కుర్చీ జరుపుకుని మరీ తెచ్చుకుంది.

"రేపు మీరు రావాలి వదినగారూ" అంది.

"నేనెందుకండీ ఇంక? మీ దగ్గర హాయిగా పడుకుంటోందిగా."

"పడుకోవాలంటే నేను పోట్లాడాలి. ఎదురుగా మనిషి లేకుండా పోట్లాడితే వీధిలోవాళ్ళు పిచ్చెక్కిందనుకుంటారు. మీరు రోజూ రావాలి. వచ్చి మా పెద్దావిడని నాలుగు మాటలనాలి. ఆ దుప్పటి ఇలా ఇవ్వండి, ఇక్కడే ఉంటుంది."

వియ్యపురాలు మడత పెట్టడం ఆపింది. దుప్పటి ఆవిడ చేతికిచ్చింది.

"ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగింది. అంత తేనె గొంతూ ఆ ఒక్క మాటకు బొంగురుపోయింది. కాజాలక్కకు ఆ గొంతు ఎంతో నచ్చింది.