బాబు జబ్బు కోసం కలకత్తా వెళితే నా చెయ్యి చూశారు

ఒంట్లో బలం లేకుండా పుట్టిన పిల్లల్ని ఖరగ్‌పూర్ నుంచి కలకత్తా తీసుకెళ్ళే తల్లుల కోసం ఇది రాస్తున్నాను. మా బాబు ఇప్పుడు లేడు. ఈ ప్రయాణం వాడున్నప్పటిది. పుట్టినప్పటి నుంచి వాడి మెడ నిలవలేదు, పాలు గట్టిగా లాగలేదు, ఏడిస్తే పక్క గదికి వినపడేది కాదు. జబ్బు పేరు ఎవరూ చెప్పలేకపోయారు. అంతకుముందు ప్రతిసారీ మా ఆయన, అత్తమ్మే తీసుకెళ్ళారు. నేను తొందరగా అలసిపోతానని ఇంట్లో ఉంచేవారు. "నువ్వొచ్చి ఏటి సేత్తావే? పిల్లాడితోపాటు నిన్నూ మొయ్యాలా?" అనేది అత్తమ్మ. ఈసారి ఆమెకి మోకాలు వాచింది కాబట్టి నేను వెళ్ళాను.

చలికాలం. మా పేట ఝపటాపూర్‌లో తెల్లవారకముందే టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి స్టేషన్‌కి చేరాం. హౌరా లోకల్ టికెట్ ముప్పై రూపాయల లోపే, మూడు గంటల దారి. తొలి బండిలో అయితే కూర్చోడానికి చోటుంటుంది, తర్వాతవన్నీ ఆఫీసు జనమే. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీలమ్మే తెలుగాయనకి నోటు ఇచ్చాను. ఆయన లాగినా నా వేళ్ళు వదల్లేదు. "ఏటమ్మా, ఇడ్లీలూ నీయే, డబ్బులూ నీయేనా?" అన్నాడు. మా ఆయన నవ్వాడు. చలికి నా చెయ్యి అలా బిగుసుకుపోవడం ఎప్పుడూ ఉన్నదే. అత్తమ్మ దానికి పిసినారి చెయ్యి అని పేరు పెట్టింది.

హౌరా నుంచి బస్సు చవక. బిడ్డ చేతిలో ఉంటే మాత్రం టాక్సీయే మేలు. ఆసుపత్రిలో మా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ పెద్దావిడ, బెంగాలీ మనిషి. బాబు కాళ్ళూ చేతులూ కదిపి చూసింది. తర్వాత వాణ్ణి వదిలి నా ముఖం చూసింది, నవ్వమంది. నవ్వుతూనే ఉన్నానని చెప్పాను. అప్పుడు చెయ్యి చాపింది. గట్టిగా పట్టుకోమంది, పట్టుకున్నాను. వదలమంది, వదల్లేకపోయాను. నా వేళ్ళు వాటంతట అవి విడేదాకా ఆమె అలాగే కూర్చుంది.

"ఇన్నిసార్లు వచ్చారు కదా, నువ్వెందుకు రాలేదమ్మా?" అని అడిగింది, బెంగాలీలో.

బిగుసుకున్న కండ వెంటనే సడలని జబ్బట. నాకు కొంచెమే ఉంది, నా నుంచి బాబుకి ఎక్కువగా వచ్చింది. ఇద్దరి రక్తమూ తీశారు. కొన్ని వారాలకి అదేనని తేలింది. నయం చేసే మందు లేదన్నారు. ముక్కు గొట్టంతో పాలు పట్టడం నేర్పారు, మా చెల్లెల్ని కూడా చూపించుకోమన్నారు. ఆ రిపోర్టు తీసుకుని తిరుగు బండి ఎక్కాం. సంత్రాగాచి స్టేషన్ దాటాక మా ఆయన, "నీ తప్పేటి లేదు" అన్నాడు. నేను అడగలేదు.

వానాకాలంలో బాబు పోయాడు. సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేశారు. నా పిడికిలి తెరుచుకోలేదు. జనం ఆగిపోయారు. అత్తమ్మ కుంటుకుంటూ వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. పిసినారి చెయ్యి అని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

పేరు తెలిసినంత మాత్రాన వాడు బతకలేదు. కానీ తెలిశాక డాక్టర్ల కోసం ఊళ్ళు తిరగడం మానేశాం. ఉన్నన్నాళ్ళూ నా ఒళ్ళోనే ఉన్నాడు. మీరు వెళ్ళేటప్పుడు పాత కాగితాలు, ఒక దుప్పటి పట్టుకెళ్ళండి. బిడ్డని ఎవరు ఎత్తుకున్నా సరే, తల్లి కూడా వెళ్ళాలి.