జనరేటరు ట్రాలీ మీద మా పడక

మా ఆవిడ పరాయి పరుపు మీద పడుకోదు. అది జబ్బు కాదు, పొగరు కాదు, ఆవిడ పద్ధతి. పెళ్ళయిన కొత్తలో ఒక యాత్రకు వెళ్ళాం. సత్రంలో గది దొరికింది. పరుపు ఉంది, దుప్పటి కూడా ఉతికినదే. ఆవిడ దాని వైపు ఒక్కసారి చూసి, "ఎవురెవురు పండుకొని లేసినారో" అని సంచి తీసుకొని బయటి మెట్ల మీద కూర్చుంది. తెల్లారేదాకా అక్కడే. నేనూ పక్కన కూర్చొని, ఆ వయసు రోషంతో ఒక మాట అన్నాను: "చూస్తా ఉండు. నీ పడక నీ వెంట వచ్చేట్టు చేస్తా."

ఆ మాట అని నలభై ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి దెప్పి ఉంటే నేనూ నాలుగు మాటలని మరిచిపోయేవాడిని. పుట్టింట్లో తప్ప ఆవిడ ఎక్కడా రాత్రి ఉండలేదు. ఏ ఊరికి పోయినా పొద్దు మునిగేసరికి మళ్ళీ కాటన్‌పేట సందులోని మా ఇంటికి చేరాల్సిందే.

ఇక నా సంగతి. ఏడో తరగతిలో మా నాయన నా చేయి పట్టుకొని తీసుకుపోయి బస్సు బాడీలు కట్టే షెడ్డులో వదిలి వచ్చాడు. నా చదువంతా అక్కడే. భిన్నాలు కొలత టేపు మీద నేర్చుకున్నాను. ఇంగ్లీషు, గ్రీసు మరకలు పడిన పుస్తకాల్లో ఒక్కొక్క మాటే కూడబలుక్కొని నేర్చుకున్నాను. నా చేతుల మీదుగా రోడ్డెక్కిన బస్సుల్లో కూర్చొని ఆఫీసులకు పోయినవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు, ఇప్పుడు నన్ను చూసి "తాత ఏం చదువుకున్నాడు?" అని అడుగుతారు. బస్సెక్కేటప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

మా అల్లుడిది గుంటూరు వైపు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. మంచివాడు, కాకపోతే ఏ సంగతైనా ఫోను చెప్పాకే నమ్ముతాడు. ఒక ఆదివారం భోజనాలయ్యాక అందులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో పరాయి దేశంలో కారు వెనక చిన్న బండి, పక్కనుంచి చూస్తే నీటిబొట్టు ఆకారం. లోపల ఇద్దరు పడుకునేంత పరుపు. వెనక మూత ఎత్తితే వంటిల్లు.

నేను దాన్ని మూడుసార్లు వేయించుకొని చూశాను. మెట్ల మీద అన్న మాట గుర్తొచ్చింది.

"ఇది నేను చేస్తా" అన్నాను.

"ఇవి ఇంజనీర్లు డిజైన్ చేస్తారండి మావయ్యగారూ. కంప్యూటర్లో స్ట్రెస్ అదీ చూడాలి కదా."

"అరవైమంది కూర్చొని, పైన మూటలు వేసుకొని, కొండ రోడ్డు ఎక్కే బస్సు చూసినావా? దాని స్ట్రెస్ ఎవడు చూసినాడనుకున్నావు?"

అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే నన్ను ఎనిమిది నెలలు నడిపింది.

నాతో షెడ్డులో పనిచేసిన వెల్డరు ఒకడు మైసూరు రోడ్డు వైపు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. అక్కడ ఒక మూల తుప్పు పట్టిన ట్రాలీ పడి ఉంది. పెళ్ళి ఊరేగింపుల్లో సీరియల్ లైట్లకు జనరేటరు మోసిన ట్రాలీ అది. చక్రాలు గట్టివి, ఇరుసు గట్టిది, అన్నిటికంటే ముఖ్యంగా దానికి నంబరు ఉంది. ఈ దేశంలో బండి చేయడం సులభం, దానికి నంబరు తేవడమే కష్టం. బాడీ మార్చినట్టు కాగితాలు దిద్దించుకోవడానికి నేను ఎక్కిన మెట్ల కథ ఇక్కడ రాస్తే మిగతాదానికి చోటుండదు.

షెడ్డు నేల మీద మేకు కొట్టి, దారం కట్టి, సుద్దతో ఆ వంపు గీశాను. అల్లుడి కంప్యూటరు గీసినా అంతకంటే నున్నగా రాదు. పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పక్కలు కోశాను. పైకప్పుకు పల్చటి ప్లైవుడ్ వంగాలి. వేడినీళ్ళలో ముంచిన గోనెసంచులు దాని మీద పరిచి, ఒక పూట నానబెట్టి, మెల్లగా మోకాలితో నొక్కుతూ వంచాను. పైన అల్యూమినియం రేకు, రివిట్లు. కిటికీ పాత బస్సుదే. చుట్టూ వేసిన రబ్బరు పట్టీ కూడా బస్సు అద్దాలకు వేసేదే. పైపుతో గంటసేపు నీళ్ళు కొట్టి లోపల చేయి పెట్టి తడిమాను. చుక్క తడి లేదు.

పక్కనున్న టీ కొట్టాయన రోజూ ఒకసారి వచ్చి చూసేవాడు. "ఏమప్పా, ఇడ్లీ బండి పెడతావా, అంబులెన్సు చేస్తావా? ఏదో ఒకటి తేల్చి చెప్పు. ఇడ్లీ బండి అయితే నేను కొట్టు జరుపుకొంటా."

అన్నీ అమరాక మా ఆవిడను తీసుకుపోయి చూపించాను. వెనక మూత ఎత్తింది. స్టీలు అరలు, స్టవ్వుకు చోటు, నీళ్ళ క్యాన్లకు చోటు. ముఖంలో వెలుగు కనిపించింది. తర్వాత పక్క తలుపు తీసి లోపలికి వంగింది.

"తల యాడ?"

"ముందర."

"కాళ్ళు?"

"వెనక. ఈ పలక కిందికి పోతాయి. చోటు కలిసొస్తాది."

ఆవిడ పలక మీద చేయి పెట్టింది. "దీని పైన ఏముండాది?"

"స్టవ్వు."

చేయి తీసేసింది. "పొయ్యి కిందికి కాళ్ళు చాపుకొని పండుకోమంటావా నన్ను?"

"వీడియోలో అందురూ అట్లే పండుకొంటారు."

"అన్నం ఉడికే చోటయ్యా అది. పొద్దున లేసి మొక్కి ముట్టిస్తా దాన్ని. రాత్రయితే కాళ్ళు చూపించాల్నా?"

"లోకమంతా ఇట్లే చేస్తాది."

"అయితే లోకాన్నే పండుకోమను" అని తలుపు మూసింది.

నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది నెలల పని. నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ముందు బండి రోడ్డు మీద నడవనీ, తర్వాత ఆవిడే దారికొస్తుంది అనుకున్నాను.

ఐదో రోజు ఆదివారం. అల్లుడి కారుకు తగిలించాం. వెనక వంటింట్లో నీళ్ళ క్యాన్లు, సిలిండరు, గిన్నెలు, ఆవిడ వదలని రాతి రోలు, అన్నీ ఎక్కించాను. నిజమైన బరువుతో చూడాలి కదా. దొడ్డబళ్ళాపురం రోడ్డు పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. నలభై దాకా బాగానే వచ్చింది. యాభై దాటగానే అల్లుడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు.

"మావయ్యగారూ, వెనక ఊగుతోందండి."

వెనక్కి తిరిగి చూశాను. బండి కుక్క తోకలా ఇటూ అటూ కొట్టుకుంటోంది. ఒక్కో ఊపూ ముందుదానికంటే పెద్దది. కారును కూడా పక్కకు లాగుతోంది. అల్లుడు బ్రేకు తొక్కకుండా వేగం మెల్లగా తగ్గించి పక్కకు ఆపాడు. అది తెలివైన పనే. ఒక్క ఎగతాళి మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఫోనులో చూసి చెప్పాడు. "ముందు వైపు పదో వంతు వెయిట్ పడాలంటండి. మనది మొత్తం వెనకే ఉంది. వదిలేద్దాం మావయ్యగారూ, రిస్కు. అత్తయ్యగారు కూడా కారులో ఉండుంటే?"

నేను బండి విప్పి, కారుకు తగిలించే కడ్డీ పట్టుకొని ఎత్తాను. రెండు వేళ్ళకు లేచింది.

అప్పుడు మా పాత మేస్త్రీ గొంతు వినిపించింది. నాకు పదిహేనేళ్ళప్పుడు ఆయన ఏ ట్రాలీ అయినా షెడ్డు దాటే ముందు మాతో కడ్డీ ఎత్తించేవాడు. "చేతికి బరువు తగలని బండి మాట వినదురా అప్పా" అనేవాడు. యాభై ఏళ్ళు నేను ఆ మాటే పక్కవాళ్ళకు చెప్పాను. ఇప్పుడు మా ఆవిడ పడక కట్టేటప్పుడు ఫోను చూసి మరిచాను. వీడియోలోని బండికి ఇరుసు వెనక్కి ఉంది, అందుకే దానికి వెనక వంటిల్లు చెల్లింది. మా ట్రాలీకి ఇరుసు నడిమధ్య ఉంది. ఇరుసుకు ముందర, జనరేటరు బిగించిన నాలుగు బోల్టు రంధ్రాలు కూడా ఉన్నాయి. ఊరేగింపుల్లో ఆ బరువు ముందర కూర్చొనే నడిచింది ఆ ట్రాలీ. ఆ రంధ్రాలు ఎక్కడున్నాయో నాకు బాగా తెలుసు. పుట్టీ పెట్టి పూడ్చింది నేనే.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"పొయ్యి ముందరికి మారుస్తాండా."

ఆవిడ తలెత్తలేదు. "కాళ్ళు?"

"వెనక. కాళ్ళ పైన ఏమీ ఉండదు. దుప్పట్లు కూడా పెట్టను."

"ఎవురు చెప్పినారు?"

మేస్త్రీ పేరు చెప్పవచ్చు. అల్లుడి ఫోను చెప్పిందనవచ్చు. అవి రెండూ అబద్ధాలు కావు.

"నువ్వే" అన్నాను.

ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "ఆ మాట చెప్పేకి నాలుగు నాళ్ళు మూతి ముడుచుకోవాల్నా" అంది.

మర్నాటినుంచి షెడ్డుకు తానే రాసాగింది. ముందు కడ్డీ మీద ఒక స్టీలు పెట్టె కట్టి, వంటిల్లు దానిలోకి మార్చాను. వెనక వంటిల్లు పోయిన చోట కాళ్ళు చాపుకోవడానికి ఇంకో అడుగున్నర పొడవు మిగిలింది. నా పొడవు కాళ్ళకు అది కూడా కలిసొచ్చింది. ఆవిడకు ఇంకో షరతు ఉంది. తల ఉత్తరానికి ఉండకూడదు, దక్షిణానికి ఉండాలి. వండేటప్పుడు తూర్పు చూడాలి. ఏ బండిలో ఈ రెండూ కుదురుతాయి? కోపం రాలేదు ఈసారి, సుద్ద తీసుకున్నాను. బండి ముందు భాగం దక్షిణానికి నిలిపితే, పెట్టె తలుపు కుడివైపు పెడితే, దాని ఎదుట నిలబడినవాళ్ళ ముఖం తూర్పుకే ఉంటుంది. కుడివైపే పెట్టాను. టీ కొట్టాయన చూసి, "ఇడ్లీ బండే అని నేను మొదటే చెప్పినా" అన్నాడు.

పని ముగిశాక మళ్ళీ అదే రోడ్డు, అదే బరువు, రోలుతో సహా. తగిలించే ముందు కడ్డీ ఎత్తాను. మూలిగి ఎత్తాల్సి వచ్చింది. అంత మంచి బరువు నా చేతులకు ఎన్నేళ్ళుగానో తగల్లేదు. నలభై, యాభై, అరవై. అల్లుడు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. కావాలని ఒకసారి స్టీరింగు కొంచెం కదిపి చూశాడు. గీత గీసినట్టు వచ్చింది బండి.

"మావయ్యగారూ, అసలు వెనక ఉందాండి?"

"దిగి చూసి రా" అన్నాను. దిగకుండానే నవ్వాడు. ఈసారి నవ్వు వేరు.

మొదటి రాత్రికి దొడ్డబళ్ళాపురం దాటాక వెల్డరు బావమరిది ద్రాక్షతోటకు వెళ్ళాం. దిక్కులు చూడటానికి అల్లుడు ఫోను తీశాడు. "ఇంకొంచెం ఎడమకండి, ఇప్పుడు కుడికి" అంటూ నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి సరిగ్గా దక్షిణానికి నిలిపాడు. తర్వాత తోట ఇంట్లో పడుకుంటానని వెళ్ళిపోయాడు. మా ఆవిడ తూర్పు ముఖంగా నిలబడి అన్నం, చారు చేసింది. తిన్నాక కాటన్‌పేటలో తాను దగ్గరుండి కుట్టించుకున్న దూది పరుపు లోపల పరిచి, అంచులు నాలుగుసార్లు సర్దింది. ఎక్కి పడుకుంది. నేను పక్కన చేరాను.

మెలకువ వచ్చేసరికి బస్సు కిటికీలోంచి వెలుగు పడుతోంది. ఆవిడ లేచి ఉంటుందనుకొని పక్కకు చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఏనాడూ నేను ఆవిడకంటే ముందు లేవలేదు. నాలుగున్నరకు ఇంట్లో గిన్నెల చప్పుడు వినిపించాల్సిందే. ఆవిడ నిద్రపోతోంది. కాళ్ళు బార్లా చాపుకొని, నోరు కొంచెం తెరుచుకొని, గాఢంగా నిద్రపోతోంది.

తలుపు చప్పుడు కాకుండా దిగాను. పెట్టె తెరిచి, తూర్పు ముఖంగా నిలబడి స్టవ్వు ముట్టించాను. ముట్టించే ముందు మొక్కాను కూడా, ఎవరూ చూడలేదు కనక. ద్రాక్ష పందిరి మీదికి సూర్యుడు వచ్చాడు. అల్లుడు కళ్ళు నులుముకుంటూ వచ్చి గట్టిగా ఏదో అనబోయాడు. పెదవి మీద వేలు పెట్టాను.

"అత్తయ్యగారు?" గొంతు తగ్గించి అడిగాడు.

"నిద్ర."

"ఇంకానా?"

"ఇంకా" అన్నాను. ఏ సర్టిఫికెట్టూ లేనివాడు ఆ ఒక్క మాటను ఎంత గొప్పగా పలికాడో అల్లుడికి తెలియదు.

కాఫీ చల్లారి, మళ్ళీ కాచాక ఆవిడ తలుపు తోసి కూర్చుంది. ఎండ చూసి ఉలిక్కిపడింది. "ఇంత పొద్దెక్కినాది, లేపకూడదా?"

గ్లాసు అందించాను. తాగుతూ స్టవ్వు వైపు చూసింది. "పాలు పొంగించినావు. తుడువు, మరక పడతాది."

"తుడుస్తాలే."

ఇంకో రెండు గుటకలు తాగింది. పరుపు మీద అరచేయి ఆనించి, కిటికీ అద్దంలోంచి తోట చూసింది. "ఏమయ్యా, ఇది సముద్రం దాకా పోతాదా?"

"పోతాది."

"ఆ సత్రం ఊరికి?"

అంటే మరిచిపోలేదు. ఒక్కరోజూ మరిచిపోలేదు. "పోతాది" అన్నాను. "సత్రం ఎదురుగానే నిలబెడతా."

ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. "అయితే ఇంకొంచేపు పండుకొంటా. ఆ అల్లుణ్ణి గట్టిగా మాట్లాడొద్దని చెప్పు" అని తలుపు లాక్కుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ గడియ కూడా నేను చేసిందే.