అరచేయి నాకితే బెల్లం

మొన్న మా మనవరాలు రెండున్నరేళ్ల కొడుకుని చంకనేసుకుని వచ్చి, వీడికింకా మాట రాలేదు అమ్మమ్మా అని కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే, ఆ పిల్లాడు తాపీగా నా వేలు పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకు లాక్కుపోయి, తలుపు మీద రెండు దెబ్బలు వేసి నా మొహంకేసి చూశాడు. ఇంతకంటే ఎవరైనా ఏం చెప్పగలరు? నాకు మాత్రం మా తమ్ముడు గుర్తొచ్చాడు.

పందొమ్మిది వందల యాభైల్లో, చోడవరం పక్కన మా ఊళ్లో, వాడికి మూడేళ్లు నిండినా నోట మాట లేదు. నాయనమ్మ రోజూ వస కొమ్ము అరగదీసి వాడి నాలుక్కి రాసేది. ఆ వస వాడికి పట్టక, పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ల నాకు పట్టిందని ఇంటిల్లిపాదీ నన్ను ఆటపట్టించేవారు. మాట లేదన్న పేరే గాని వాడు చెప్పని సంగతంటూ లేదు. ముక్కు దగ్గర బొటనవేలు పెడితే ముక్కుపొడుం పీల్చే తాతయ్య, నాలుక టక్కుమనిపిస్తే ఎడ్లబండి కట్టుకుని అనకాపల్లి వెళ్లిన నాన్న, అరచేయి నాకి చూపిస్తే బెల్లం. ఇవన్నీ నాకు తెలిసినట్టు అమ్మకి కూడా తెలియవని నాకు కాస్త గర్వంగానే ఉండేది. వాడు చెయ్యి ఎత్తడమే ఆలస్యం, కావలసింది తెచ్చి పెట్టేసేదాన్ని.

చెరకు గానుగలాడే రోజుల్లో ఒకనాడు నాయనమ్మ నన్ను పిలిచి, "ఒసే గుంటా, ఆడి నోరు నువ్వే అయిపోతే ఆడికి మాటెందుకొస్తాదే? రేపట్నుంచి ఆడేటి సూపించినా తెలీనట్టుండు. లేపోతే మూగోడైపోతాడు," అంది. ఆ చివరి మాటకి నేను హడలిపోయాను.

మర్నాడు బెల్లం వండుతున్న చోటికి వాడు పరుగెత్తుకొచ్చి, నాకు అరచేయి నాకి చూపించాడు. నేను దిక్కులు చూశాను. మరిచిపోయాననుకున్నాడు కాబోలు, కోపం తెచ్చుకోకుండా ఈసారి మెల్లగా, పాఠం చెబుతున్నట్టు మళ్లీ నాకి చూపించాడు. అప్పటికీ కదలకపోతే నా చెయ్యే లాక్కుని, నా అరచేయి నాకాడు. చెరకు పిప్పి కుప్ప వెనక్కి పారిపోయి వెక్కి వెక్కి ఏడ్చాను గాని, తెలిసినట్టు మాత్రం కనపడలేదు. నాలుగు రోజులకి వాడు నన్ను అడగడమే మానేశాడు.

గానుగలు ముగిసేలోగా వాడు నాన్న పంచె పట్టుకుని "బెయ్యం" అన్నాడు. నాయనమ్మ వీధి వీధంతా బెల్లం పంచింది. నాకూ ఒక గడ్డ పెట్టి, నీ వల్లేనే అని తల నిమిరింది. సంతోషం పట్టలేకపోయాను, నిజమే. కాని ఆ తర్వాత వాడు నాకేసి చూసి అరచేయి నాకిన రోజు లేదు.

ఇప్పుడు వాడికి డెబ్బై దాటాయి. వారానికోసారి ఫోను చేసి వానల గురించీ, మోకాళ్ల గురించీ గంటసేపు మాట్లాడతాడు. కిందటేడు వాడి భార్య చనిపోయిన నెలలో, ఎలా ఉన్నావురా అంటే, "నాకేటప్పా, బాగానే ఉన్నాను," అన్నాడు. నిజంగా బాగున్నాడో, ఒక్కడూ కూర్చుని కుమిలిపోతున్నాడో ఆ మాటల్లో ఎంత వెతికినా నాకు దొరకలేదు. మాట రాని రోజుల్లో వాడు నా దగ్గర ఏదీ దాచలేదు.