నాన్నగారి కోసం రాసిన తెర

ఫోన్‌లో కనిపించే ఒక్కో తెరనూ నడిపించే భాగాన్ని మా పనిలో వ్యూ కంట్రోలర్ అంటారు. చాలామంది బొమ్మలా గీసుకునే ఫైలు తెరిచి, బటన్లను మౌస్‌తో లాగి పెట్టుకుంటారు. నాకది పడదు. ఏది ఎక్కడుండాలో, ఎంత వెడల్పుండాలో మొత్తం కోడ్‌లోనే రాస్తాను. చాదస్తం అంటారు మా ఆఫీసువాళ్లు. అననీ. నేను పనిచేసేది అమలాపురంలో మా ఇంటి వసారాలో, వాళ్ల వెక్కిరింపు ఇంతదూరం రాదు.

నాన్నగారు రాజోలు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నోరు మంచిదైతే ఊరు మంచిదనే మాటకు మా వీధిలో ఆయన్నే చూపించేవారు. కేన్సరని ఆపరేషన్ చేసి ఆ గొంతే తీసేశారు. రాసి చూపిద్దామంటే చెయ్యి వణుకుతుంది. అందుకే నా పాత ఐఫోన్‌లో ఆయనకో తెర రాశాను. నొక్కితే మాట వినిపించే పెద్ద పెద్ద బటన్లు: నీళ్లు, నొప్పి, అన్నం, అవును, వద్దు. మొదటిసారి నడిపితే అంతా నలుపే. వెనక తెలుపు రంగు ఉండాలని రాయడం మరిచిపోయాను. కోడ్‌లో మనం రాయనిది దానంతటది రాదు. ఆయన వేలు పక్కకు పోయినప్పుడల్లా అంకె మార్చి బటన్ వెడల్పు పెంచాను.

అయినా నీళ్లు, నొప్పి తప్ప ఏదీ నొక్కేవారు కాదు. వీధిలోవాళ్లు కబుర్లకొస్తే ఫోను దిండు కింద దాచేసేవారు. నాకు ఒళ్లు మండింది.

"అవునని నొక్కొచ్చు కదా నాన్నగారూ," అన్నాను.

అమ్మ నవ్వింది. "మీ నాన్నగారు ఎప్పుడైనా అవునన్నారేంటే? ఆయ్ అనేవోరు గానీ."

పుట్టి పెరిగిన ఇంట్లో మాట, నాకే తట్టలేదు. మెషిన్ గొంతుతో పెట్టి చూస్తే పరాయివాళ్లు పలికినట్టుంది. పాత వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో వెతికి, ఆయన సొంత గొంతులోని ఆయ్‌ని కత్తిరించి, అవును తీసేసి అక్కడ పెట్టాను. అమ్మకు చెప్పలేదు. వింటే సంతోషిస్తుందనుకున్నాను.

మధ్యాహ్నం వంటింట్లోంచి అమ్మ అలవాటుగా కేకేసింది. "అన్నం పెట్టెయ్యనా అండీ?"

నాన్నగారు నొక్కారు. "ఆయ్."

లోపల గరిటె చప్పుడు ఆగిపోయింది. అమ్మ పరుగున వచ్చి ఆయన మొహం రెండు చేతులతో పట్టుకుంది.

"మాటొచ్చేసిందా అండీ? ఇప్పుడు పలికేరు కదా, ఇంకోసారి అనండి."

ఆయన తల అడ్డంగా ఊపి ఫోను చూపించారు. అమ్మ చేతులు తీయడానికి చాలాసేపు పట్టింది. అక్కడ నిలబడలేక నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం ఆ ఆయ్ బటన్ కోడ్ తీసేశాను. తియ్యమని ఎవరూ అనలేదు. అమ్మ ఇప్పుడు అన్నం పెట్టనా అని అడగడం లేదు. కంచం తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్లిపోతోంది.