ఆపుకున్న ఒంటేలు

మా బొగ్గుబాయి ఇళ్లలో 'అన్‌ఫిట్' అంటే తిట్టు కాదు, వరం. తండ్రి ఇక పనికి రాడని మెడికల్ బోర్డు ఆ ఒక్క మాట రాస్తే కొడుక్కి బాయిలో కొలువు వస్తుంది. నాయన సర్వీసు ఇంకా నాలుగేళ్లు ఉండగా ఆయనకు ప్రోస్టేట్ వాచింది. నాకేమో ముప్పై దాటింది, బూర్గంపాడు రోడ్డులో కిరాయి ఆటో తోలుతున్నాను. ఇంట్లో అందరి ఆశా ఆ వాపు మీదే పడింది. సిగ్గులేని మాటే, కానీ నిజం.

ఖమ్మంలో ఒక దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడ స్కాన్ రెండుసార్లు తీస్తారు. నీళ్లు తాగి మూత్రం నిండాక ఒకసారి, మొత్తం పోసి వచ్చాక ఇంకోసారి. లోపల ఎంత మిగిలిందో చూసి, ఆపరేషన్ చేస్తే ఫలితం ఉంటుందో లేదో డాక్టరు అంచనా వేస్తాడు. బొమ్మ గీసి మరీ చెప్పాడు మహానుభావుడు. నాయన బుద్ధిగా తలూపాడు.

మొదటి స్కాన్ అయ్యాక నాయన బాత్రూంలోకి పోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాకు లోపల చడీచప్పుడు వినబడలేదు. కాసేపటికి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"పోసినవా నాయనా?"

"నోర్మూస్కో. రిపోర్టు ఖరాబుగ రావాలె. గట్లొస్తే బోర్డోళ్లు అన్‌ఫిట్ రాయక ఏం జేస్తరు?"

రెండో స్కాన్ తీస్తున్న మేడం ముఖం చిట్లించింది. "పెద్దాయనా, మొత్తం పోసే వచ్చినవా?"

"అవ్ మేడం, మొత్తం."

ఆమె నా వైపు చూసింది. నేను కూడా అవ్ అన్నాను. నాయనకు భయపడి కాదు, కొలువు కోసమే అన్నాను. నా నోట్లో మన్నుబడ!

"మూత్రపు సంచికి బలం పోయినట్టుంది. ఆపరేషన్ చేసినా మూత్రం వస్తదని నమ్మకం లేదు. మూడు నెలలు మందులు వాడి మళ్లీ స్కాన్‌కు రండి" అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో నాయన హుషారు చూడాలి!

బోర్డు వాళ్లు ఆ కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, ఈ జబ్బుకు అన్‌ఫిట్ ఇవ్వం, మందులేసుకుని డ్యూటీకి పొమ్మన్నారు. నాయన వింటేనా? మళ్లీ బోర్డుకు పెట్టుకుంటానన్నాడు. కొత్త స్కాన్ మంచిగా వస్తే కేసు పోతుందని ఖమ్మం వైపే పోలేదు. నేనూ పద అనలేదు. బాయి లోపల ఆపుకుంటూ, చుక్కలు చుక్కలుగా పోసుకుంటూ రెండేళ్లు లాగాడు. ఒకనాడు ఒంటేలు మొత్తానికే బందయింది.

అదే దవాఖానాలో ట్యూబు వేశారు. కొన్నాళ్లకు దాన్ని తీసి మళ్లీ రెండు స్కాన్లూ తీశారు. ఈసారి నాయన బాత్రూంలో ముక్కాడు, మూలిగాడు, గోడకు తల ఆనించి ఏడ్చాడు. రెండు చుక్కలు కూడా రాలేదు.

ఆపరేషన్‌తో లాభం లేదని, ఇక ట్యూబుతోనే ఉండాలని డాక్టరు చెప్పాడు. నాయన లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సారూ, గప్పుడు నేను అబద్ధమాడిన. పోయకుండనే పోసిన్నని చెప్పిన. కొలువు కోసం ఆడిన సారూ. గా పాత రిపోర్టు చింపెయ్యుండ్రి, ఆపరేషన్ చెయ్యుండ్రి."

డాక్టరు స్క్రీన్ మా వైపు తిప్పాడు.

"నేను జూసింది ఇయ్యాల్టిదే, పెద్దాయనా."