ఉత్త డీఎన్ఏకు ముందే శాలువా

2006లో బాపట్లలోని ఒక కళాశాలలో బయోకెమిస్ట్రీ రీడరుగా ఉన్నాను. లెక్చరరుకు పైన, ప్రొఫెసరుకు కింద. అంటే పని మీద పడేంత పెద్దవాణ్ణి, మాట చెల్లనంత చిన్నవాణ్ణి.

నా దగ్గర పరిశోధన చేస్తున్న పద్మజ రోజూ భట్టిప్రోలు నుంచి బస్సులో వచ్చేది. డీఎన్ఏ దారం హిస్టోన్లనే ప్రోటీన్ల ఉండకు చుట్టుకుంటే న్యూక్లియోజోమ్ అంటాం. ఒక కోతి వైరస్‌లో జన్యువులను నడిపే నియంత్రణ భాగం మీద ఆ ఉండలు ఎక్కడ కూర్చోవాలో డీఎన్ఏ అక్షరాల వరుసే చెబుతుందా అన్నది ఆమె ప్రశ్న. డీఎన్ఏను కోసే ఎంజైము వేస్తే ఉండ లేనిచోట దారం తెగుతుంది. ఆమె ప్రయోగంలో నియంత్రణ భాగం చక్కగా తెగింది. అక్కడ ఉండ కూర్చోదని తేల్చేసింది.

ప్రోటీన్లు కలపని ఉత్త డీఎన్ఏను కూడా కోశావా అని అడిగాను.

“లేదు సార్. ఎంజైము కొంచెమే ఉందండి. దీనికి వాడితే అసలుదానికి చాలదని...”

ఆ ఎంజైముకు డీఎన్ఏలో ‘ఎ’, ‘టి’ అక్షరాలు ఎక్కువున్న చోట్లంటే మహా ప్రీతి. నియంత్రణ భాగంలో అవి దండిగా ఉన్నాయి. ఉండలు లేకపోయినా ముందు అక్కడే కొరుకుతుంది. ఈ సంగతి క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో.

ఈలోగా మా విభాగాధిపతి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఈ ఫలితానికి రేపల్లెలో ఆమెకు సన్మానం ఖాయం చేశారు. తెనాలిలో శాలువా కూడా కొన్నారు. ఆగమన్నాను.

“ఏంటి మాస్టారూ, అందరికీ చెప్పేశాక ఆపితే పరువేముంటుందండి?” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. పరువు ఆయనది, పోయేది ఆ పిల్ల థీసిస్. పరీక్షకుడు ఇదే ప్రశ్న అడిగితే ఆమె ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

మిగిలిన ఎంజైముతో ఉత్త డీఎన్ఏను కోయించాను. అది కూడా సరిగ్గా అక్కడే తెగింది. ఆ కోతను బట్టి అక్కడ ఉండ కూర్చోదనడానికి వీల్లేదని పద్మజకు అర్థమైంది.

సన్మానం మాత్రం ఆగలేదు. వేదిక మీద పద్మజే మైకు అందుకుని, “నేను తేల్చింది తప్పండి. ప్రోటీన్లు లేకపోయినా అక్కడే తెగిందండి,” అంది. సభ చప్పట్లు కొట్టింది. విభాగాధిపతి ఆమె వినయాన్ని మెచ్చుకుని శాలువా కప్పారు. నేను టిఫిన్ ముట్టకుండా బస్సెక్కాను.

కొత్త ఎంజైము వచ్చాక మళ్లీ మొదలుపెట్టాం. ఉత్త డీఎన్ఏలో తెగి, ఉండలున్నదాంట్లో తెగనిచోటు ఒక్కటి దొరికింది. ఉండ చుట్టూ తేలిగ్గా వంగే వరుస అది. అక్కడ ఉండ నిజంగానే కూర్చుంది. ఆ ఒక్కదాని మీదే థీసిస్ రాసింది, డిగ్రీ వచ్చింది. ఈసారి సన్మానం ఎవరూ తలపెట్టలేదు.

ఎంజైము ఎక్కడ కోసిందో నమ్మేముందు, దానికి ఎక్కడ కోయడం ఇష్టమో చూడాలి. సభల విషయమూ అంతే. అవి చప్పట్లు కొట్టడానికే వస్తాయి.